సర్పికి రాసిన మందు దొరకకపోతే: ఒక యాంటీవైరల్ బదులు ఇంకొకటి ఎలా మార్చుకోవాలి

సర్పికి (ఇంగ్లీషులో షింగిల్స్, హెర్పిస్ జోస్టర్) డాక్టరు గారు వాలాసైక్లోవిర్ రాశారు. ఊళ్లో ఉన్న రెండు మెడికల్ షాపుల్లోనూ లేదు. రెండో షాపాయన ‘ఇదీ అలాంటిదేనండీ, పేరే వేరు’ అంటూ ఎసైక్లోవిర్ స్ట్రిప్ కౌంటర్ మీద పెట్టాడు. తీసుకోవచ్చా?

చాలామంది విషయంలో తీసుకోవచ్చు. కాకపోతే పాత చీటీలో ఉన్న ‘రోజుకు మూడు’ అన్న లెక్కను కొత్త మందుకు అలాగే వాడితే మాత్రలు మింగిన తృప్తే తప్ప వైరస్‌ని ఆపేంత మందు ఒంట్లోకి వెళ్లదు. ఈ మందుల్లో మార్చుకోవాల్సింది మాత్రకు మాత్ర కాదు, మొత్తం కోర్సుకు కోర్సు. అదెలాగో వరసగా చూద్దాం. ఇక్కడ ఇచ్చే అంకెలన్నీ కిడ్నీలు బాగున్న పెద్దవాళ్లకు సర్పి వచ్చినప్పటివి. చివరి మాట మాత్రం మీ డాక్టరుదే. ఆయనతో ఫోన్లో ఏం మాట్లాడాలో తెలియడానికి ఈ లెక్కలు పనికొస్తాయి.

ముందు అది సర్పేనా అని చూసుకోండి

చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వాళ్లలో ఆ వైరస్ పూర్తిగా పోదు. నరాల మొదళ్లలో దాక్కుని, వయసు మీద పడ్డాకో ఒంట్లో శక్తి తగ్గాకో మళ్లీ లేస్తుంది. ఒకే నరం దారిలో దిగుతుంది కాబట్టి పొక్కులు శరీరానికి ఒక పక్కనే, పట్టీ కట్టినట్టు వస్తాయి. నడుం దగ్గరో, రొమ్ము కిందో, నుదుటి మీదో. చాలామందికి పొక్కుల కంటే రెండు మూడు రోజులు ముందే అక్కడ మంట, పోటు మొదలవుతాయి. దాన్ని గ్యాస్ నొప్పి అనో గుండె నొప్పి అనో అనుకుని తిరిగేవాళ్లూ ఉంటారు.

నడుం చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందని మన పెద్దవాళ్లు భయపెడతారు. ఒక పక్క నరానికి వచ్చింది మధ్య గీత దాటి రెండో పక్కకు పాకడం సాధారణంగా జరగదు. నిజంగానే రెండు పక్కలా వచ్చినా, ఒళ్లంతా చెదిరి పొక్కులు లేచినా అది ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గిందనడానికి గుర్తు కావచ్చు. అప్పుడు షాపు దగ్గర మందు మార్చుకునే ఆలోచన వదిలేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎసైక్లోవిర్ జాతి మందులు హెర్పిస్ కుటుంబపు వైరస్‌ల మీదే పనిచేస్తాయి, సర్పి తెచ్చే ఆటలమ్మ వైరస్ కూడా ఆ కుటుంబానిదే. డెంగీ దద్దుర్లకు, తట్టుకు, పిల్లల చేతులకూ కాళ్లకూ నోట్లోనూ వచ్చే పొక్కుల జ్వరానికి ఇవి ఎందుకూ పనికిరావు. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ కూడా యాంటీవైరలే కదా అని సర్పికి వేసుకోవడం అంతకంటే వృథా.

గడియారం చూడండి

మొదటి పొక్కు కనిపించిన దగ్గర్నుంచి 72 గంటల్లోపు మందు మొదలైతే ఫలితం బాగుంటుంది. మంట మొదలైనప్పటి నుంచి కాదు, పొక్కు లేచినప్పటి నుంచి లెక్క. ఆ గడువు దాటినా కొత్త పొక్కులు ఇంకా లేస్తుంటే, లేదా కంటి దగ్గర వస్తే, లేదా రోగి బాగా పెద్దవారైతే డాక్టర్లు మందు మొదలుపెడతారు. కాబట్టి మూడు రోజులు దాటాయని ఊరుకోకండి.

వాలాసైక్లోవిరే మంచిదని విజయవాడలో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి, ఎల్లుండి బస్సులో పార్సిల్ తెప్పించుకునే మనుషులున్నారు. మిగతా అడ్డంకులు ఏమీ లేనప్పుడు, ఎల్లుండి వచ్చే మంచి మందు కంటే ఈ రాత్రి సరైన మోతాదులో మొదలయ్యే ఎసైక్లోవిరే మేలు. 50 ఏళ్లు దాటిన వాళ్ల మీద ఈ రెంటినీ పోల్చిన ఒక పెద్ద పరిశోధనలో వాలాసైక్లోవిర్ వాడిన వాళ్లకు నొప్పి కాస్త ముందే తగ్గింది: సగటున 38 రోజులు, ఎసైక్లోవిర్ వాళ్లకు 51. తేడా ఉన్నమాట నిజమే. పొక్కులు మానడంలో మాత్రం రెండూ ఇంచుమించు ఒకటే.

మూడు మందుల సంగతి

ఎసైక్లోవిర్ పాతది. అమెరికాలో 1982లో వాడకంలోకి వచ్చింది. దాని వెనకున్న పరిశోధనలో ముఖ్యురాలు గెర్ట్రూడ్ ఎలియాన్. 1988లో నోబెల్ అందుకున్నారు. ఈ మందుకు ఒకే చిక్కు: నోటితో వేసుకుంటే అందులో ఐదో వంతు కూడా రక్తంలోకి చేరడం కష్టం, చేరింది కూడా కిడ్నీల దారిన త్వరగా వెళ్లిపోతుంది. అందుకే రోజుకు ఐదుసార్లు వేసుకోవాల్సి వస్తుంది.

వాలాసైక్లోవిర్ అంటే ఎసైక్లోవిర్‌కి వాలిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగిలించినది. పేగు దాన్ని సులువుగా పీల్చుకుంటుంది, తర్వాత ఒంట్లో ఆ తోక ఊడిపోయి ఎసైక్లోవిర్ మిగులుతుంది. సగానికి పైగా రక్తంలోకి వెళ్తుంది. అంటే ఈ రెండూ చివరికి చేసే పని ఒకటే, లోపలికి వెళ్లే దారే వేరు.

ఫామ్‌సైక్లోవిర్ ఆ ఇంటిది కాదు, పక్కింటిది. ఒంట్లో అది పెన్‌సైక్లోవిర్‌గా మారుతుంది. వైరస్ పట్టిన కణంలో ఎక్కువ గంటలు నిలబడుతుంది. సర్పిలో వాలాసైక్లోవిర్‌తో పోలిస్తే ఇంచుమించు సమానం.

మన షాపుల్లో ఎసివిర్ అంటే ఎసైక్లోవిర్, వాల్‌సివిర్ అంటే వాలాసైక్లోవిర్, ఫామ్‌ట్రెక్స్ అంటే ఫామ్‌సైక్లోవిర్. ఇంకా చాలా పేర్లున్నాయి. పైన పెద్దక్షరాల పేరు వదిలేసి కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. అదే మందు, అదే ఎంజీ, కంపెనీ మాత్రమే వేరైతే లెక్క ఏమీ మారదు. జన ఔషధి కేంద్రంలో దొరికే జెనరిక్‌కైనా ఇంతే.

మాత్రలు కాదు, మూడు అంకెలు మార్చండి

చీటీ మీద మూడు అంకెలుంటాయి: ఒక్కసారికి ఎన్ని ఎంజీ, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు. మందు మారితే మొదటి రెండూ మారవచ్చు.

ఎసైక్లోవిర్: 800 ఎంజీ, రోజుకు 5 సార్లు, 7 రోజులు. కొందరు డాక్టర్లు 10 రోజులు రాస్తారు.
వాలాసైక్లోవిర్: 1000 ఎంజీ, రోజుకు 3 సార్లు, 7 రోజులు.
ఫామ్‌సైక్లోవిర్: 500 ఎంజీ, రోజుకు 3 సార్లు, 7 రోజులు.

ఇప్పుడు మాత్రల సంఖ్య చూడండి. పొరపాట్లు పట్టుబడేది ఇక్కడే. వాలాసైక్లోవిర్ 1000 ఎంజీవి 21 మాత్రలు చాలు, 500 ఎంజీవైతే 42 కావాలి. ఎసైక్లోవిర్ 800 ఎంజీవి 35. షాపులో 400 ఎంజీవే ఉంటే పూటకు రెండు చొప్పున 70. 200 ఎంజీవే ఉంటే పూటకు నాలుగు, మొత్తం 140! అంత మింగడం ఎవరి తరమూ కాదు, కాబట్టి 800 ఎంజీవే అడగండి. నీళ్లలో కరిగే 800 ఎంజీ మాత్రలు ఉంటాయి, మింగలేని పెద్దవాళ్లకు అవి సుఖం.

ఎక్కువగా జరిగేదేమిటంటే, చీటీలో ‘వాలాసైక్లోవిర్ 1 గ్రా. 1-1-1, 7 రోజులు’ అని ఉంటుంది. షాపులో ఎసైక్లోవిర్ 400 ఉంటుంది. కవరు మీద మూడు గీతలు గీసి, ‘పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి’ అని చెప్పి 21 మాత్రలు చేతిలో పెడతారు. రోజుకు 4000 ఎంజీ వెళ్లాల్సిన చోట 1200 వెళ్తుంది. మూడో వంతు కూడా కాదు. వారం గడిచాక ‘యాంటీవైరల్ కోర్సు మొత్తం వాడామండీ, ఏం తగ్గలేదు’ అని డాక్టరు దగ్గర కూర్చుంటారు. ఆ 200, 400 మాత్రలు ఎందుకున్నాయంటే, పెదవి మీదో జననాంగాల దగ్గరో వచ్చే మామూలు హెర్పిస్‌కి ఆ మోతాదు సరిపోతుంది. సర్పి వైరస్‌కి ఎసైక్లోవిర్ ఎక్కువ గాఢతలో కావాలి.

ఐదుసార్లు అంటే నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. ఫోన్లో ఐదు అలారాలు పెట్టేయండి. పొలానికో డ్యూటీకో వెళ్లేవాళ్లు 10 గంటలదీ 2 గంటలదీ జేబులో వేసుకుని వెళ్లాలి, తప్పిపోయేవి ఆ రెండే. రోజుకు ఐదుసార్లు కచ్చితంగా వేసుకోలేమని మీకు ముందే తెలిస్తే ఆ మాట డాక్టరుకు చెప్పి, మూడుసార్ల మందు కోసం ఇంకో నాలుగు షాపులు వెతకడంలో తప్పులేదు.

ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ మాత్రలకు బదులు కాదు. చిన్న ట్యూబు, తక్కువ ధర, రాస్తే ఏదో చేస్తున్నామన్న ధైర్యం, అందుకే బాగా అమ్ముడుపోతుంది. సర్పి ఉన్నది నరంలో, పైపూత అక్కడికి చేరదు.

కిడ్నీ లెక్క

ఈ మూడు మందులూ బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీ నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. షుగరు, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు, 65 దాటినవాళ్లు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బున్న ప్రాంతాల వాళ్లు మందు మార్చేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు చూపించాల్సిందే.

‘క్రియాటినిన్ 1.4 అండీ, కొంచెమే ఎక్కువ’ అని తేలిగ్గా తీసేయకండి. 70 ఏళ్ల అమ్మమ్మ, బరువు 45 కిలోలు, క్రియాటినిన్ 1.4 అనుకోండి. 140లోంచి వయసు తీసేస్తే 70. దాన్ని బరువు 45తో హెచ్చిస్తే 3150. దీన్ని 72 ఇంటూ 1.4తో, అంటే 100.8తో భాగిస్తే 31 చిల్లర. ఆడవాళ్లకు 0.85తో హెచ్చించాలి కాబట్టి సుమారు 27. కిడ్నీలు ఎంత వేగంగా వడపోస్తున్నాయో చెప్పే ఈ అంకెను క్రియాటినిన్ క్లియరెన్స్ అంటారు, మామూలుగా 90 పైన ఉండాలి.

ఆ 27 దగ్గర మందుల లెక్క ఎలా మారుతుందో చూడండి. వాలాసైక్లోవిర్ రోజుకు మూడు కాదు, 1000 ఎంజీ ఒక్కటే. ఫామ్‌సైక్లోవిర్ కూడా రోజుకు 500 ఎంజీ ఒక్కటే. ఎసైక్లోవిర్ తయారీదారుల పట్టిక ప్రకారం 25 పైన ఉంటే ఐదుసార్లు ఇవ్వొచ్చు, 10 నుంచి 25 మధ్య అయితే మూడుసార్లు. అమ్మమ్మ ఆ గీతకు కాస్త పైన నిలబడి ఉంది. అంటే ఆమెకు ‘రోజుకు ఒకటి’ అని రాసిన వాలాసైక్లోవిర్‌ని మనం ఎసైక్లోవిర్‌కి మార్చాలంటే ఇంటి దగ్గర కూర్చుని చేసే లెక్క కాదది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకైతే మోతాదూ వేరు, డయాలసిస్ అయ్యాక వేసుకోవాలన్న వేళా వేరు. అది నెఫ్రాలజిస్టు గారే చెప్పాలి.

మోతాదు ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? సాధారణంగా రెండో రోజో మూడో రోజో మనిషి తికమకపడటం, మాట తడబడటం, లేని మనుషులు కనిపిస్తున్నారనడం, చేతులు వణకడం, మగతగా పడి ఉండటం. ఇంట్లో వాళ్లు దీన్ని వయసు మీదికో, గాలి సోకిందనో తోస్తారు. వెంటనే మందు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏ మందు ఎంత వేసుకున్నారో ఆ స్ట్రిప్‌లతో సహా. నీళ్లు బాగా తాగడం అవసరం, గుండె జబ్బుకో కిడ్నీకో నీళ్లు తగ్గించమన్నవాళ్లు తప్ప. సర్పి నొప్పికి సొంతంగా డైక్లోఫెనాక్ మాత్రలు కలపకండి, అవి కూడా కిడ్నీ మీదే పడతాయి. పారాసిటమాల్‌తో సరిపోకపోతే నరాల నొప్పికి వేరే మందులున్నాయి, డాక్టరు రాస్తారు.

డాక్టరుకు ఇలా మెసేజ్ పెట్టండి

షెడ్యూల్ హెచ్ మందు (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినది) చీటీలో ఉంటే, దాని బదులు ఇంకోటి షాపతను తనంతట తాను ఇవ్వడానికి మన ఔషధ నియమాలు ఒప్పుకోవు. రోజూ జరిగేది వేరనుకోండి. అందుకే మారుస్తున్నట్టు డాక్టరుకు తెలియడం మీకే మంచిది. ‘సార్, మందు దొరకలేదు, ఏం చేయమంటారు’ అని పెడితే ఆయన ఓపీలో కూర్చుని మళ్లీ నాలుగు ప్రశ్నలు అడగాలి. వాటి జవాబులు ముందే ఇచ్చేయండి:

‘నమస్తే డాక్టరు గారూ. నిన్న సర్పికి వచ్చిన, 62 ఏళ్ల మా నాన్నగారి గురించి. మీరు రాసిన వాలాసైక్లోవిర్ 1000 ఎక్కడా దొరకలేదు. ఎసైక్లోవిర్ 800 ఉంది. పొక్కులు వచ్చి రెండు రోజులైంది. షుగరు ఉంది, పోయిన నెల క్రియాటినిన్ 1.0, బరువు 68 కిలోలు. వాడుతున్న మందుల ఫొటో పెట్టాను. ఎసైక్లోవిర్ 800 రోజుకు ఐదుసార్లు 7 రోజులు వాడమంటారా?’

దీనికి జవాబు ఒక్క మాటలో వస్తుంది. చీటీ ఫొటో, షాపులో ఉన్న స్ట్రిప్ వెనకవైపు ఫొటో కూడా జత చేయండి. ఆ డాక్టరు అందకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ప్రభుత్వ ఆసుపత్రిలోనో డ్యూటీ డాక్టరుకు ఇదే చూపించండి. ఎసైక్లోవిర్ అక్కడే దొరికే అవకాశం కూడా ఎక్కువ.

మధ్యలో మార్చాల్సి వస్తే

రెండు రోజులు వాలాసైక్లోవిర్ వాడారు, అంటే ఆరు మాత్రలు. మిగతావి దొరకలేదు. ఎసైక్లోవిర్‌కి మారితే మళ్లీ ఏడు రోజులు మొదటి నుంచి లెక్కపెట్టక్కర్లేదు, మిగిలిన ఐదు రోజులకు 800 ఎంజీవి 25 తీసుకోండి. అటు తిరగేస్తే, మూడు రోజులు ఎసైక్లోవిర్ అయ్యాక వాలాసైక్లోవిర్ దొరికితే మిగిలిన నాలుగు రోజులకు 12 మాత్రలు. పాత మందులో తర్వాతి మాత్ర వేసుకోవాల్సిన వేళకి కొత్త మందు మొదలుపెట్టాలి. రెండూ కలిపి వేస్తే తొందరగా తగ్గుతుందనుకోవద్దు. ఎసైక్లోవిర్ మీద ఎసైక్లోవిరే వేసినట్టవుతుంది.

మందు మొదలుపెట్టాక కూడా మూడు నుంచి ఐదు రోజులు కొత్త పొక్కులు రావచ్చు. చెక్కు కట్టడానికి వారం, పది రోజులు పడుతుంది. రెండో రోజుకే ‘పని చేయట్లేదు, వేరేది ఇవ్వండి’ అని మార్చడం అనవసరం. నిజంగానే వైరస్ మందుకు లొంగకపోతే, అది ఎక్కువగా రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలోనే జరుగుతుంది, ఒకదాని నుంచి ఇంకోదానికి మారినా సాధారణంగా ప్రయోజనం ఉండదు. మూడింటికీ వైరస్‌లో పట్టు దొరికేది ఒకే చోట. అప్పుడు ఫాస్కార్నెట్ లాంటి ఇంజెక్షన్లు కావాలి, అది పెద్దాసుపత్రి పని.

మాత్రల మార్పిడి కుదరని చోట్లు

నుదుటి మీద, కనురెప్ప మీద, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కు వస్తే కంటికి ముప్పు. ఆ రోజే కంటి డాక్టరును కలవాలి. చెవిలో పొక్కులు, మూతి ఒక పక్కకు పోవడం, విపరీతమైన తలనొప్పితో మెడ బిగుసుకోవడం, ఇవన్నీ కూడా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవే. కీమోథెరపీలో ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి జరిగినవాళ్లకు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడేవాళ్లకు, హెచ్‌ఐవీ బాగా ముదిరినవాళ్లకు తరచూ ఎసైక్లోవిర్‌ని రక్తనాళంలోకి ఎక్కించాల్సి వస్తుంది. ఆ ఇంజెక్షన్ బదులు మాత్రలు చాలంటారా అని బేరమాడే సందర్భం కాదది. గర్భిణులకు ఎక్కువ అనుభవం ఉన్నది ఎసైక్లోవిర్‌తో. మార్చాలా వద్దా అన్నది గైనకాలజిస్టు చెప్తారు. పిల్లల ఆటలమ్మకు మోతాదు బరువును బట్టి ఉంటుంది, పై అంకెలు వాళ్లకు పనికిరావు. వాలాసైక్లోవిర్‌తో దద్దుర్లో వాపో వచ్చినవాళ్లకు ఎసైక్లోవిర్ కూడా పడదు, లోపల ఉన్నది అదే కాబట్టి.

జర్మనీలోనో ఇటలీలోనో ఉన్న మన పిల్లలు ‘ఇక్కడ రోజుకు ఒక్క మాత్రేనమ్మా’ అని బ్రివుడిన్ గురించి చెప్పొచ్చు. ఆ మాట నిజమే, 125 ఎంజీ రోజుకొకటి ఏడు రోజులు. కానీ క్యాన్సర్‌కి వాడే 5-ఫ్లోరోయురాసిల్, కేపసిటబిన్ మందులతో కలిస్తే అది ప్రాణాంతకం. రెంటి మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. సూట్‌కేసులో తెచ్చుకుని ఇక్కడ వాడే మందు కాదు.

కోర్సు అయ్యాక మాత్రలు మిగిలితే, పెదవి మీద పొక్కు వచ్చిన పక్కింటి వాళ్లకు పంచకండి. దానికి మోతాదు వేరు. మిగలడమంటేనే ఎక్కడో కొన్ని పూటలు తప్పాయన్నమాట. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి తర్వాతి విజిట్‌లో డాక్టరుకు చెప్పండి, ముఖ్యంగా నొప్పి ఇంకా తగ్గకపోతే.